మొదటి కాన్పులో పెద్ద గాయమైందా? రెండో కాన్పుకు ముందే మాట్లాడండి

మళ్లీ నెల తప్పింది. ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉన్నారు. ఆమె మాత్రం లోలోపల భయపడుతోంది. మొదటి కాన్పు తర్వాత గ్యాసు ఆగదు. విరేచనం వస్తే పరుగెత్తాలి. వుజూ నిలవక నమాజుకు దూరమైనా ఈ మాట అమ్మతో కూడా చెప్పుకోదు.

మీ ఇంట్లో ఇలాంటి వారుంటే ముందుగా ధైర్యం చెప్పండి. ఇది సిగ్గుపడి దాచుకునే సంగతి కాదు. 1037లో మరణించిన ఇబ్నె సీనా కూడా తన ‘అల్ ఖానూన్’లో చిన్న వయసు కాన్పుల్లో మూత్రాశయం చిరిగే ప్రమాదం గురించి రాశారు.

గాయం ఎంతవరకు?

బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు కింది భాగం కొంత చిరగడం మామూలే. డాక్టర్లు దీన్ని నాలుగు దశలుగా చెబుతారు. మూడో దశలో మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం తెగుతుంది. నాలుగో దశలో దాని లోపలి పొర కూడా చిరుగుతుంది. తొలి కాన్పులోను, బిడ్డ బరువు 4 కిలోలు దాటినప్పుడు, ఫోర్సెప్స్ వాడినప్పుడు ఈ ముప్పు ఎక్కువ. సరిగా కుట్లు పడితే నూటికి 60 నుంచి 80 మందికి ఏడాది తిరిగేసరికి ఏ ఇబ్బందీ ఉండదు.

మామూలు కాన్పా, ఆపరేషనా?

మళ్లీ అలాంటి గాయమే అయ్యేది నూటికి 5 నుంచి 7 మందికి. అందుచేత చాలామంది మామూలుగానే కనవచ్చు. నిర్ణయానికి రెండు సంగతులు చూడాలి: ఇప్పుడు ఇబ్బందులున్నాయా, పరీక్షలో ఆ కండరం గట్టిగా ఉందా. రెండూ బాగుంటే మామూలు కాన్పుకు సిద్ధం కావచ్చు. ఇబ్బందులున్నా, కండరం బలహీనంగా ఉన్నా సిజేరియన్ గురించి డాక్టరుతో మాట్లాడాలి. ముందుగా అనుకుని చేసే సిజేరియన్ సాధారణంగా 39 వారాలకు చేస్తారు.

ఆపరేషన్ కొత్త చిరుగును తప్పిస్తుంది కానీ పాత గాయాన్ని బాగుచేయదు. రక్తస్రావం, చీము పట్టడం వంటి ముప్పులుంటాయి. తర్వాతి కాన్పుల్లో మాయ పాత కోత మీద అతుక్కునే ప్రమాదం ఉంది. ఇంకా పిల్లలు కావాలనుకునే దంపతులు ఇది మరవకూడదు.

మామూలు కాన్పైతే

ఆస్పత్రిలో చేరగానే పాత గాయం సంగతి చెప్పండి. పాత డిశ్చార్జి కాగితం చూపండి. తల వచ్చేటప్పుడు వేడినీటి గుడ్డ కాపడం, చేతి ఆసరా, తొందరపడకుండా నెమ్మదిగా కనడం మేలు చేస్తాయి. కోత తప్పనిసరైతే అది కిందికి నిలువుగా కాక పక్కకు ఏటవాలుగా ఉండాలి. షుగరు అదుపులో లేకపోతే బిడ్డ బాగా లావవుతుంది కాబట్టి పరీక్ష తప్పక చేయించుకోండి.

యునానీ చేయగలిగింది

తెగిన కండరాన్ని అతికించే మాజూను ఏదీ లేదు. అలా చెప్పేవారిని నమ్మవద్దు. మలబద్ధకం రాకుండా చూసుకోవడంలో మాత్రం మన వైద్యం తోడ్పడుతుంది. రాత్రి నానబెట్టిన మునక్కా తినవచ్చు. ఇసబ్‌గోల్ పొట్టును నిండు గ్లాసు నీళ్లతో తీసుకోవచ్చు. షుగరు లేనివారు కొంచెం గుల్కంద్ తినవచ్చు. గర్భిణులు సనా ఆకు వంటి గట్టి ముస్‌హిల్ మందుల జోలికి వెళ్లకూడదు. గ్యాసు ఆపుకున్నట్టు కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం రోజుకు మూడుసార్లు, పదేసి మార్లు చేయండి.

నమాజు విషయం

ఎంతకీ ఆగనివారికి ఒక్కో నమాజు వేళకు ఒక్క వుజూ చాలనే సౌలభ్యం హనఫీ ఫిఖ్‌హ్‌లో ఉంది. అది మీకు వర్తిస్తుందో లేదో ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. నమాజు మాత్రం వదలకండి.

భర్తలకు, అత్తగార్లకు ఒక మాట. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో సిజేరియన్‌తో సహా కాన్పు ఉచితం. ఖర్చుకు భయపడి ఆమె నోరు మూయించకండి. నొప్పి పడేది ఆమె. డాక్టరు చెప్పింది విన్నాక ఆమె మాటకు విలువివ్వండి. ఇన్షా అల్లాహ్, తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వస్తారు.