గిరీశం వాక్కు – ప్రేక్షకుని తీర్పు

హాస్యరసానికి విభావాలను చెప్పే సందర్భంలో భరతముని వికృతవేషంతో పాటు ధార్ష్ట్యం, లౌల్యం, కుహకం, అసత్ప్రలాపం మొదలైనవాటిని పేర్కొన్నాడు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లోని గిరీశం వీటికి చక్కని లక్ష్యం. వికృతవేషం మాత్రం అతనికి అక్కరలేదు, నోరే చాలు.

గిరీశం వాక్కు శ్రోతను బట్టి రూపు మార్చుకొంటుంది. శిష్యుడైన వెంకటేశం ఎదుట అది ఇంగ్లీషు ఉపన్యాసం. చుట్ట కాల్చడం కూడా అందులో విద్యాభ్యాసమే. వ్యాజ్యాలంటే ప్రాణం పెట్టే అగ్నిహోత్రావధానుల ఎదుట కోర్టు కాగితాల పాండిత్యం. బాలవితంతువైన బుచ్చమ్మ ఎదుట శాస్త్రసమ్మతమైన పునర్వివాహ బోధ. వీరందరూ నమ్ముతారు. నమ్మనిది మధురవాణి ఒక్కతే. ప్రేక్షకుడు కూడా నమ్మడు గాని, నవ్వుతాడు. చిక్కంతా ఆ నవ్వులోనే ఉన్నది. పూటకూళ్ళమ్మకు భయపడి గిరీశం మంచం కింద దూరినప్పుడు, అక్కడ ముందే దాగిన రామప్పంతులు దెబ్బలు తిని గిరీశం తప్పించుకొంటే, సభ అతని చాకచక్యానికే సంతోషిస్తుంది. మోసగాడని తెలిసీ అతని పక్షం వహిస్తుంది.

ఆ పక్షపాతం నిరపాయం కాదు. ఆనందగజపతి ప్రభువు విశాఖపట్నం మండలంలోని కన్యాశుల్క వివాహాల పట్టిక వేయించగా, మూడేండ్లకు 1034 తేలినట్లు 1897 నాటి ముద్రణకు గురజాడ వ్రాసిన పీఠిక తెలుపుతుంది. అదీ అసంపూర్ణమైన లెక్కే. బుచ్చమ్మ అటువంటి పెండ్లి ఫలితం. గిరీశం ఉపన్యాసం వినోదమైనకొద్దీ ఆమెకు రానున్న ఆపద కంటికి ఆనదు.

1909 నాటి పునర్ముద్రణలో నాటకాన్ని పెంచి వ్రాసిన గురజాడ, ఈ చిక్కును విశాఖపట్నంలో విప్పాడు. అక్కడి వకీలు సౌజన్యారావు పంతులు నిష్కపటి. గిరీశాన్ని నిజమైన సంస్కర్త అనుకొన్నవాడు. పురుషవేషంలో వచ్చిన మధురవాణి వలన నిజం బయటపడుతుంది. అంతవరకు ఎవరినైనా లోబరచుకొన్న వాక్కు అక్కడ పనిచేయదు. బుచ్చమ్మ పూనా వితంతు శరణాలయానికి పోవాలన్న నిర్ణయం జరుగుతుంది. గిరీశానికి మిగిలింది కథ తనకు ఎదురు తిరిగిందన్న విసుగే. పశ్చాత్తాపాన్ని అతని నోట పలికించకపోవడం గురజాడ సంయమనం.

ఈ నాటకం పూర్తిగా ఆడడానికి చాలా గంటలు పడుతుంది, కత్తిరింపు తప్పదు. గిరీశం చమత్కారాలను నిలిపి విశాఖ ఘట్టాన్ని కుదిస్తే, అతడు కేవలం సరసుడైన విదూషకునిగా మిగులుతాడు. నటుడు చప్పట్ల కోసం ప్రతి ఇంగ్లీషు మాటనూ సభ వైపు తిరిగి విసరినా జరిగేది అదే. ఆ మాటలు బుచ్చమ్మతో అన్నవి. వింటున్న ఆమె ముఖం సభకు కనబడాలి.