రామగిరి బంగారం మెటల్ డిటెక్టర్‌కు ఎందుకు వినపడదు

మెటల్ డిటెక్టర్‌కు బంగారమంటే ఏమిటో తెలియదు. ఇనుము, రాగి, అల్యూమినియం అనే తేడాలూ నేరుగా తెలియవు. తన ముందున్న వస్తువులో కరెంటు గుండ్రంగా తిరగడానికి చోటు ఉందా, తిరగడం మొదలుపెట్టిన కరెంటు ఎంతసేపటికి చల్లారింది అన్న రెండు సంగతులనే అది ప్రధానంగా పట్టుకుంటుంది. రైల్వే స్టేషన్ గుమ్మంలో నిలబెట్టిన చట్రమైనా, పోలీసు చేతిలోని కర్రలాంటి పరికరమైనా, ఆస్ట్రేలియాలోనూ అమెరికాలోనూ పాడుబడ్డ గనుల ఊళ్లకు జట్లు జట్లుగా వెళ్లి నేలను గాలించేవారి యంత్రమైనా చేసే పని ఇదే. అలాంటి పాడుబడ్డ గని ఊరు తెలుగు నేల మీదా ఉంది. ధర్మవరానికి నైరుతిగా, పెనుకొండకు వాయవ్యంగా ఉన్న రామగిరిలో ఒకప్పుడు బంగారం తవ్వారు. అక్కడి రాళ్లలో బంగారం ఇప్పటికీ ఉంది. అయినా ఆ రాళ్ల మీద ఎంత ఖరీదైన డిటెక్టర్‌ను ఆడించినా అది నోరు విప్పదు. ఆ మౌనానికి కారణం యంత్రం పనిచేసే తీరులోనే ఉంది.

రాగి తీగను పళ్లెమంత వెడల్పున చుట్టి అందులో కరెంటు పంపితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ కరెంటు దిశను సెకనుకు కొన్ని వేలసార్లు మారుస్తుంటే క్షేత్రమూ అలాగే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. మారే క్షేత్రం దగ్గరలోని లోహంలో కరెంటును పుట్టిస్తుంది. నీటిలో సుడి తిరిగినట్టు ఆ కరెంటు లోహంలోనే గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి దానికి సుడి ప్రవాహమని పేరు. ఈ సుడి తనదైన చిన్న అయస్కాంత క్షేత్రాన్ని తిరిగి బయటికి పంపుతుంది. ఆ బదులును రెండో తీగచుట్ట అందుకుని చెవికి చేరవేస్తుంది.

సుడి తిరగాలంటే దారి మూసి ఉండాలి. అతుకు లేకుండా మూసిన వెండి ఉంగరం బిగ్గరగా పలుకుతుంది. అదే బరువున్న వెండి మెట్టె, నోరు విచ్చుకుని ఉంటుంది కాబట్టి, నీరసంగా పలుకుతుంది. ధర్మవరం పట్టుచీర అంచులోని అసలు జరీ కూడా లోహమే. పట్టుదారానికి సన్నని వెండి రేకు చుట్టి, దానికి బంగారు పూత పూస్తారు. కానీ ఒక్క పోగును విడదీసి డిటెక్టర్ ముందు పెడితే దాని వెడల్పులో సుడికి చోటే ఉండదు. లోహం ఎంత ఉందన్నది కాదు, అది ఏ రూపంలో ఉందన్నది ఈ యంత్రానికి ముఖ్యం. రామగిరి కథకు తాళంచెవి ఈ జరీపోగులోనే ఉంది.

పంపే తీగచుట్ట అరుపు పెద్దది, లోహం ఇచ్చే బదులు గుసగుస. పక్కనే అరుస్తుంటే గుసగుస వినపడేదెలా? దీనికి దొరికిన ఉపాయం యంత్రమంతటిలోకీ మొదటి గొప్ప ఆలోచన. రెండు చుట్టలను కొంత మేర ఒకదాని మీద ఒకటి పడేలా అమరిస్తే, ఒక భాగంలో క్షేత్రం పైకి, మరో భాగంలో కిందికి దూసుకుపోతుంది. సరిగ్గా కుదిర్చిన చోట ఆ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వినే చుట్ట తన పక్కనున్న అరుపుకు చెవిటిదైపోయి, బయటి గుసగుసకు మాత్రమే మేలుకుని ఉంటుంది. ఈ సమతూకాన్ని జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ విల్‌హెల్మ్ డోవ్ 1841 నాటికే చూపాడు. మైక్రోఫోన్‌తో పేరు తెచ్చుకున్న డేవిడ్ హ్యూస్ 1879లో దాన్ని మెరుగుపరిచి, టెలిఫోన్ ఇయర్‌పీస్‌ను దానికి చెవిగా తగిలించాడు.

రెండేళ్లకే ఆ పరికరానికి ప్రాణం మీదికి వచ్చిన పరీక్ష ఎదురైంది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. తూటా ఒంట్లో ఎక్కడ ఉందో వైద్యులకు అంతుపట్టలేదు. ఎక్స్‌రే ఇంకా పుట్టలేదు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ హ్యూస్ సమతూకాన్ని తీసుకుని, అంతర్యుద్ధంలో తగిలిన తూటాలను ఒంట్లోనే మోస్తున్న పాత సైనికుల మీద పరీక్షించి, పనిచేస్తుందని తేల్చుకుని అధ్యక్షుడి మంచం దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఎటు జరిపినా ఏదో ఒక మోత. పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయని తర్వాత తెలిసింది. పైగా తూటా కుడివైపే ఉందని నమ్మిన ప్రధాన వైద్యుడు ఆ వైపే వెతకనిచ్చాడు. గార్‌ఫీల్డ్ సెప్టెంబర్ 19న మరణించాడు. తూటా ఎడమవైపు దొరికింది. బెల్ ఓడిపోయాడని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. నిజానికి యంత్రం తనకు చేతనైన పనిని తప్పు లేకుండా చేసింది. దగ్గరలోని లోహం గురించి చెప్పింది. ఆ లోహం స్ప్రింగు అయిందంతే.

ఆ తర్వాతి కథ త్వరగా నడిచింది. జర్మనీ నుంచి అమెరికా వెళ్లి విమానాలకు రేడియో దిక్సూచులు తయారుచేసిన గెర్హార్డ్ ఫిషర్, లోహమున్న నేల పక్కన తన సాధనాలు దారి తప్పడం చూసి, ఆ తప్పునే పనిముట్టుగా మలిచాడు. దానికి 1937లో అమెరికా పేటెంట్ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో స్కాట్లాండ్‌లో ఉన్న పోలండ్ సైన్యాధికారి యుజెఫ్ కొసాత్స్కీ, నేలలో పాతిన మందుపాతరలను కనిపెట్టే తేలికపాటి డిటెక్టర్‌ను తయారుచేశాడు. పేటెంట్ తీసుకోకుండానే బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. 1942లో ఎల్ అలమీన్ పోరులో దారి శుభ్రం చేయడానికి ఆ రకం 500 పరికరాలు వెళ్లాయి. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైనిక డిటెక్టర్లు చౌకగా జనం చేతికి వచ్చాయి. ట్రాన్సిస్టర్లు వచ్చి బరువు తగ్గించాయి. పాత గనుల ఊళ్లలో వెతకడం ఒక సరదాగా మారింది. 1980లో ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రంలోని కింగోవర్ దగ్గర 27 కిలోలకు పైగా బరువున్న బంగారు ముద్ద కొద్ది లోతులోనే డిటెక్టర్‌కు దొరికింది.

ఆ ముద్ద దొరికిన దేశంలోనే ఈ యంత్రానికి గట్టి శత్రువు ఉంది. అది ఎర్రమట్టి. ఆస్ట్రేలియా బంగారు నేలల్లోనూ రాయలసీమ ఎర్రనేలల్లోనూ రంగునిచ్చేవి ఇనుప ఆక్సైడ్లు. వాటిలో కొన్నిటికి అయస్కాంత గుణం ఉంటుంది. డిటెక్టర్ క్షేత్రం తగిలినప్పుడు మట్టిలోని సన్నని రేణువుల అయస్కాంతత్వం ఆ దిశకు తిరుగుతుంది, క్షేత్రం ఆగాక తీరిగ్గా వెనక్కి మళ్లుతుంది. అలా మళ్లేటప్పుడు మట్టి కూడా బదులు పలుకుతుంది. లోహం గుసగుస కన్నా మట్టి గొడవ ఎన్నో రెట్లు పెద్దది.

ఆ గొడవను అణచిన తీరు యంత్రానికి రెండో గొప్ప ఆలోచన. ఇంత తేలిక లెక్క ఇంత పెద్ద చిక్కును విప్పడం విజ్ఞానంలో తరచుగా కనిపించేది కాదు. ముందు ఎడతెగని అరుపును మానేసి, గట్టిగా ఒక్క చప్పట్లాంటి కరెంటు దెబ్బ కొట్టి చటుక్కున ఆపేయాలి. ఆ తర్వాత నిశ్శబ్దంలో వినాలి. అప్పుడు వినిపించేది రెండు రకాల చల్లారడం. లోహంలోని సుడి, ఒక్కో విడతలో మిగిలినదానిలో అంతే వంతు పోతూ, ఘాతీయంగా చల్లారుతుంది. మట్టి తీరు వేరు. దాని బదులు కాలానికి విలోమంగా తగ్గుతుంది. కాలం రెట్టింపైతే బదులు సగమవుతుంది, అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. దెబ్బ ఆగాక 10 మైక్రోసెకన్ల దగ్గర ఒకసారి, 20 మైక్రోసెకన్ల దగ్గర మరోసారి వినాలి. మట్టి మొదటిసారి 1 అని పలికితే రెండోసారి సగం, అంటే 0.5 అని పలుకుతుంది. రెండోదాన్ని రెట్టింపు చేసి మొదటిదానిలోంచి తీసేస్తే మిగిలేది సున్నా. మట్టి ఎంత ఎర్రగా ఉన్నా, ఎంత బిగ్గరగా పలికినా సున్నానే. లోహం ఆ లయలో తగ్గదు కాబట్టి అది మిగిలిపోతుంది. త్వరగా చల్లారే చిన్న తునకలో మొదటి పలుకే పెద్దది కనుక మిగిలేది ధనాత్మకం. నిదానంగా చల్లారే పెద్ద ముక్కలో రెట్టింపు చేసిన రెండో పలుకు మించిపోతుంది కనుక మిగిలేది రుణాత్మకం. అందుకే ఈ రకం యంత్రాల్లో చిన్న తునకకు ఒక తీరు రాగం, పెద్ద ముద్దకు దానికి తలకిందులైన రాగం వినిపిస్తాయి. ఈ రెంటి మధ్య ఒక గుడ్డి చోటు ఉంది. చల్లారే కాలం దాదాపు 14.4 మైక్రోసెకన్లున్న లోహం ఈ లెక్కలో మట్టిలాగే సున్నా అయిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి దెబ్బ నిడివినీ వినే వేళలనూ మార్చి మరో జత కొలతలు తీసుకుంటారు. ఒక జతలో మాయమైనది మరో జతలో బయటపడుతుంది. 1990లలో ఆస్ట్రేలియాలోని మైన్‌ల్యాబ్ సంస్థ తెచ్చిన యంత్రాలు ఇలాంటి పలు వేళల వినికిడి మీద కట్టినవే. ఒకసారి గాలించి వదిలేసిన పాత బంగారు నేలలకు జనం మళ్లీ వెళ్లడానికి అవే కారణం.

పాత గనుల ఊళ్లకు జట్టుగా వెళ్లడానికి ప్రధాన కారణం భద్రత. కప్పులేని గని నోళ్లు పొదల చాటున ఉంటాయి. జారిపడితే పైకి లాగడానికి మనిషి తోడుండాలి. అయితే జట్టుకూ ఒక చిక్కు ఉంది. ఒకరి యంత్రం కొట్టే దెబ్బ పక్కవారి యంత్రం చెవిలో పడుతుంది. అందుకే జట్టులోని వారు ఎడం పాటిస్తారు, లేదా యంత్రాల పౌనఃపున్యాలను కొద్దికొద్దిగా మార్చుకుంటారు. గని ఊళ్ల నేలలో మేకులు, డబ్బాల రేకులు, విరిగిన ఉలులు కిక్కిరిసి ఉంటాయి. దెబ్బకొట్టి వినే యంత్రాలు ఇనుమును వేరుచేయడంలో బలహీనం. ఎడతెగక పలికే రకం ఇనుమును బాగా గుర్తిస్తుంది గానీ చిన్న బంగారు ఉంగరానికీ మాత్రల అట్ట మీది అల్యూమినియం రేకుకూ తేడా తేల్చడంలో తరచుగా తడబడుతుంది. రెంటిలోనూ సుడి ఒకే వేగంతో చల్లారవచ్చు.

ఇక రామగిరి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కంపెనీలు ఇక్కడ లోతుగా తవ్వి, 1920లలో వదిలేశాయి. తర్వాత కోలార్ గనులను నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఇక్కడ యెప్పమాన గనిని తవ్వింది. చిత్తూరు వైపు నుంచి వెళ్లిన ఎందరో తెలుగువాళ్లు పనిచేసిన కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వాటితో పాటే యెప్పమాన పనీ ముగిసింది. ఇక్కడి బంగారం ముద్దలుగా లేదు. తెల్లని క్వార్ట్జ్ రాతి సిరల్లో కంటికి ఆనని రేణువులుగా, టన్ను రాయికి కొన్ని గ్రాముల చొప్పున చెదిరి ఉంది. విజయనగర కాలపు బంగారు వరాహ ఒక్కటి సుమారు 3.4 గ్రాములు. తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని అయిన పెనుకొండలో చెలామణి అయిన నాణెం అది. వరాహ ఒక్కటి మట్టిలో నాలుగు వేళ్ల లోతున ఉంటే డిటెక్టర్ పలుకుతుంది. అంతే బంగారం టన్ను రామగిరి రాయిలో ఉంటే పలకదు. సన్నని రేణువు వ్యాసం సగమైతే బరువు 8వ వంతు అవుతుంది, పంపే బదులు మాత్రం 32వ వంతుకు పడిపోతుంది. చల్లారే కాలం నాలుగో వంతు అవుతుంది. యంత్రం వినడం మొదలుపెట్టే సరికే రేణువు మాట ముగిసిపోతుంది. ఇది జరీపోగు సంగతే. ఆ బంగారాన్ని రాయి పొడిచేసి, సైనైడ్ ద్రావణంలో కరిగించి తీయాల్సిందే. తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో రైతులు వెతికే వజ్రాల మీదా ఈ యంత్రానికి పట్టు లేదు. వజ్రం కర్బనం, అందులో కరెంటు పారదు.

లోతు విషయంలోనూ ప్రకృతి కఠినంగా ఉంది. తీగచుట్ట వెడల్పును మించిన దూరాల్లో, దూరం రెట్టింపైతే లోహం బదులు 64వ వంతుకు, మూడింతలైతే 729వ వంతుకు పడిపోతుంది. 30 సెంటీమీటర్ల దగ్గర వినిపించిన వస్తువు 3 మీటర్ల దగ్గర పది లక్షల్లో ఒక వంతు మాత్రమే పలుకుతుంది. పది అడుగుల కింద ఏముందో, అర కిలోమీటరు దూరాన ఏ కొండలో నిధి ఉందో చెబుతామంటూ అమ్మే పరికరాలకు ఈ లెక్కలో చోటు లేదు. గోల్ఫ్ బంతులు వెతికే ఆటవస్తువు నుంచి పుట్టిన ఏడీఈ 651 అనే బూటకపు బాంబు డిటెక్టర్‌ను ఇరాక్ లాంటి దేశాలకు అమ్మిన వ్యాపారికి 2013లో బ్రిటన్ న్యాయస్థానం పదేళ్ల శిక్ష వేసింది. గుప్తనిధుల ఆశతో గుడి నందుల కింద, కోట బురుజుల కింద గోతులు తవ్వేవారికి అలాంటి పరికరాలు అమ్మేవాళ్లు మోసగాళ్లే.

హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షి గుడిలాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడా నిషిద్ధం. అనుమతి లేకుండా కట్టడం ఆవరణలో తవ్వడం నేరం. దుక్కిలోనో, పునాదిలోనో, డిటెక్టర్ సాయంతోనో భూమిలో పది రూపాయలకు మించిన విలువైన నిక్షేపం దొరికితే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం దొరికినవారు ఆ సంగతి కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే అందులో వాటా పోతుంది. ఏడాది వరకు జైలు శిక్ష కూడా పడవచ్చు.