వార్తల్లో పదం: అప్‌డేట్ డిఫరల్

కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్ అయిన ఆపరేటింగ్ సిస్టమ్‌కు విడుదలైన మార్పులు తమంతట తాముగా చేరిపోకుండా, ఇతర సాఫ్ట్‌వేర్లు వాటితో సక్రమంగా పనిచేస్తాయో లేదో పరీక్షించి తేల్చుకునేదాకా, నిర్ణీత కాలం ఆపి ఉంచే విధానాన్ని ‘అప్‌డేట్ డిఫరల్’ అంటారు.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో 2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 వెర్షన్ 1809 రుజువు చేసింది. డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్ల స్థానాన్ని వేరే డ్రైవ్‌కు మార్చుకుని, కొన్ని ఫైళ్లను పాతచోటే ఉంచినవారి కంప్యూటర్లలో అది పాత ఫోల్డర్‌ను లోపలి ఫైళ్లతో సహా తొలగించడంతో, మైక్రోసాఫ్ట్ కొద్దిరోజుల్లోనే పంపిణీని నిలిపివేసి, లోపాన్ని సరిదిద్ది, నవంబరు 13న మళ్లీ విడుదల చేసింది. 2019లో ఆపిల్ తెచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలీనా 32-బిట్ అప్లికేషన్లను నడిపే సదుపాయాన్ని ఎత్తివేయగా, ముందుగా సరిచూసుకోనివారి పాత ప్రోగ్రాములు తెరుచుకోలేదు.

సంస్థల కంప్యూటర్లలో, కొత్త సదుపాయాలు తెచ్చే ‘ఫీచర్ అప్‌డేట్’ను 365 రోజుల వరకు, భద్రతా లోపాలను పూడ్చే ‘క్వాలిటీ అప్‌డేట్’ను 30 రోజుల వరకు మాత్రమే వాయిదా వేసే వీలును విండోస్ కల్పిస్తోంది. ఈ వ్యత్యాసానికి బలమైన కారణం ఉంది: 2017 మార్చిలోనే మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసినా, దానిని వేసుకోని కంప్యూటర్లను మే నెలలో ‘వానాక్రై’ అనే హానికర సాఫ్ట్‌వేర్ చుట్టుముట్టి, ఫైళ్లకు తాళం వేసి సొమ్ము డిమాండ్ చేసింది, బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల సేవలు సైతం స్తంభించాయి.

కాబట్టి వాయిదా అంటే ఊరకే కాలం గడపడం కాదు. కొత్త మార్పును ముందు కొన్ని కంప్యూటర్లలో అమర్చి, బిల్లింగ్, ప్రింటింగ్ వంటి నిత్యావసర పనులు సాగుతున్నాయని నిర్ధారించుకుని, ఆపై మిగిలినవాటికి విస్తరించినప్పుడే ఆ గడువు సార్థకమవుతుంది.