స్టెప్నీ ఉంటే సరిపోతుందా?

కారు నడపడం వచ్చునా అని అడిగితే మా హాస్టలులో చాలా చేతులు లేస్తాయి. పంక్చరు పడితే చక్రం మార్చడం వచ్చునా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "అదెంత పని, నాలుగు నట్లు విప్పడమేగా" అనేవాళ్ళు కొందరు. "ఫోను చేస్తే ఎవరో ఒకరు వస్తార్లే" అనేవాళ్ళు మరికొందరు. నిరుడు కార్తీకమాసం దాకా నేను మొదటి రకం.

ఆ నెలలో ఒక రాత్రి పది గంటలప్పుడు మా నాయనమ్మకు ఆయాసం ఎక్కువైంది. బాబాయి కారు వాకిట్లోనే ఉంది కనుక ఇంకెవరికోసమూ చూడకుండా బయలుదేరాం. నాకు లైసెన్సు వచ్చి అప్పటికి నాలుగు నెలలు. నాన్న, అమ్మ వెనుక సీట్లో నాయనమ్మకు చెరొక పక్క కూర్చున్నారు. అద్దంకి – నార్కెట్‌పల్లి రోడ్డెక్కి నరసరావుపేట వైపు పట్టుమని పది కిలోమీటర్లు పోకుండానే స్టీరింగు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం నేలకు అతుక్కుపోయి ఉంది.

"స్టెప్నీ ఉంది కదా, పది నిమిషాలు" అన్నాను ధైర్యంగా.

ఆ పది నిమిషాల్లో నేను చేసిన పనులు మూడు. మొదటిది, గబగబా జాకీ పెట్టి బండిని పైకి లేపాను. రెండవది, పానా తగిలించి నట్టు తిప్పబోతే నట్టుతోపాటు చక్రమే గిర్రున తిరిగింది. మూడవది, చక్రాన్ని మోకాలితో అదిమిపట్టి బలంకొద్దీ తిప్పాను. తర్వాత తెలిసింది, నేను తిప్పింది బిగిసే వైపుకి. ఇంతలో ముందురోజు వానకు నానిన నల్లరేగడి మార్జిన్లో జాకీ అడుగు కూరుకుపోసాగింది. భౌతికశాస్త్రంలో తులాదండాల మీద, బలభ్రామకం మీద, ఘర్షణ మీద పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆ నాలుగు నట్ల ముందు ఆ పేజీల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

నాన్న దిగి వచ్చాడు. ఆయన కారు ఎన్నడూ నడపలేదు. "ముందు బండి దించు. ముసలమ్మను కిందికి దింపండి. మనుషుల్ని పెట్టుకొని బండి ఎత్తుతార్రా ఎవరన్నా?" అన్నాడు. రోడ్డు వారకు దుప్పటి పరిచి నాయనమ్మను కూర్చోబెట్టి, అమ్మ వీపు పట్టుకుంది. నేను సెల్‌ఫోను లైటు చూపిస్తూ నిలబడ్డాను. అక్కణ్ణుంచి నాన్న చేసిన ప్రతి పనికీ ఒక కారణం ఉంది. ఆ కారణాలన్నీ మా పాఠాల్లోవే అని నాకు తట్టడానికి వారం పట్టింది. వాటిని చెప్పడానికే ఈ వ్యాసం.

నట్లను చక్రం నేల మీద ఉండగానే సడలించాలి. పూర్తిగా విప్పకూడదు, అర చుట్టు చాలు. నేలకూ టైరుకూ ఉన్న ఘర్షణే చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది; లేపితే ఆ పట్టు పోతుంది. మామూలు కారు చక్రం నట్టును బిగించే బలభ్రామకం దాదాపు 100 న్యూటన్ మీటర్లు. బండితో ఇచ్చే పానా పొడవు పావు మీటరు అనుకుంటే దాని చివర వేయవలసిన బలం 400 న్యూటన్లు, అనగా నలభై కిలోల బరువు. ఇంత బలం చేతితో, అదీ వంగి కూర్చుని వేయడం కష్టం. కాని ఆ బరువు మన ఒంట్లోనే ఉంది కదా! చక్రానికి ఎదురుగా నిలబడి, పానా పిడి మన ఎడమవైపుకు అడ్డంగా వచ్చేట్టు తగిలించి, దాని మీద పాదంతో మెల్లగా బరువు మోపితే నట్టు సడలుతుంది. పిడి ఎడమవైపు ఉండి కిందికి దిగితే నట్టు గడియారం ముళ్ళకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది, అది ఊడే దిశ. నేను పిడిని కుడివైపు పెట్టి తొక్కాను. తుప్పు పట్టి మొండికేస్తే పానాకు ఒక ఇనుప గొట్టం తొడిగి పొడవు రెట్టింపు చేస్తే కావలసిన బలం సగమవుతుంది. మోటారు షెడ్డులో బిగుసుకున్న నట్టుకు మన రైతులందరూ చేసే పనే ఇది. (కొన్ని లారీలకు ఎడమ చక్రాల మరలు ఎదురు దిశలో ఉంటాయి. వాటి జోలికి పోయేవారు ముందు చూసుకోవాలి.)

ఇక జాకీ. వెయ్యి కిలోల కారులో ఒక మూల చక్రం మీద పడే భారం సుమారు మూడు వందల కిలోలు అనుకుందాం. దాన్ని పది సెంటీమీటర్లు ఎత్తడానికి చేయవలసిన పని, అరవై కిలోల మనిషి అరమీటరు ఎత్తు మెట్లు ఎక్కినంత మాత్రమే. అంత చిన్న పనిని మర చాలా దూరం మీదికి పంచుతుంది. పిడి ఒక చుట్టు తిరిగితే చేయి 90 సెంటీమీటర్లకు పైగా ప్రయాణం చేస్తుంది, మర మాత్రం రెండు మూడు మిల్లీమీటర్లు జరుగుతుంది. మడత జాకీ బాగా పడుకుని ఉన్నప్పుడు పిడి బరువుగా తిరిగి, లేచేకొద్దీ తేలికవడం చూసే ఉంటారు. దాని చేతుల కోణం మారడమే ఇందుకు కారణం.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది వేరే సంగతి. మనం చేసే పనిలో సగం కంటే ఎక్కువ ఆ మరలో ఘర్షణకే పోతుంది. దక్షత యాభై శాతం దాటదు. యంత్రం అంటే దక్షత ఎక్కువ ఉండాలనే కదా మనం చదువుకున్నది? కాని ఇక్కడ ఆ నష్టమే మనకు రక్ష. దక్షత సగానికి మించితే, పిడి వదిలిన మరుక్షణం కారు బరువే మరను వెనక్కు తిప్పి కిందికి దిగివస్తుంది. నూనె జాకీకి ఈ గుణం లేదు. దాన్ని ఆపేది లోపలి కవాటం, సీలు. కనుక ఏ జాకీ మీద ఉన్నా సరే, బండి కింద తల గాని చేయి గాని పెట్టకూడదు. విప్పిన చక్రాన్నో స్టెప్నీనో ఒకదాన్ని బండి కింద పడుకోబెట్టి ఉంచితే, ఒకవేళ జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది.

జాకీ కూరుకుపోవడం వట్టి పీడనం లెక్క. జాకీ అడుగు వైశాల్యం ఎనభై చదరపు సెంటీమీటర్లు అనుకుంటే మూడు వందల కిలోల భారం కింద ప్రతి చదరపు సెంటీమీటరు మీద మూడున్నర కిలోలకు పైగా పడుతుంది. నానిన రేగడికి అంత ఓర్పు లేదు. నాన్న డిక్కీలో మందు డబ్బాల కింద బాబాయి వేసిన పలకను లాగి జాకీ కింద పెట్టాడు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉన్న ఆ పలకతో పీడనం పదిహేనవ వంతు కంటే కూడా తగ్గింది. దమ్ములో ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించి నడిపే మనిషికి ఈ లెక్క కాగితం మీద వేయనక్కర్లేదు.

హ్యాండ్‌బ్రేకు వేశాను కదా, రాయి ఎందుకు అన్నాను నేను. హ్యాండ్‌బ్రేకు పట్టేది సాధారణంగా వెనుక చక్రాలను. వెనుక చక్రం ఒకటి ఎత్తితే మిగిలేది ఒక్కటే. పోనీ గేరులో ఉంచాం కదా అనుకుంటే, చిన్న కార్లలో ఇంజను తిప్పేది ముందు చక్రాలను. ముందు చక్రం ఒకటి గాలిలోకి లేస్తే డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం ఊరకే తిరుగుతుంది, నేల మీది రెండవ చక్రానికి గేరు పట్టు ఉండదు. అందుకని రెండూ వేసి, ఎత్తే చక్రానికి మూలగా ఎదురు ఉన్న చక్రానికి ముందొక రాయి, వెనుకొక రాయి పెట్టాలి.

ఈ రాళ్ళ గురించి ఒక మాట. మన రోడ్ల మీద బండి ఆగితే వెనుక నాలుగు రాళ్ళు పేర్చడం, వేపకొమ్మ విరిచి పెట్టడం అలవాటు. మెరిసే ఎర్ర త్రికోణం బండిలో లేనప్పుడు కొమ్మ మంచిదే. కాని చక్రం మార్చుకున్నవాడు ఆ రాళ్ళను అక్కడే వదిలి తన దారిన తాను పోతాడు. చీకట్లో వచ్చే మోటారు సైకిలువాడి గతి ఏమిటి? ఇది తెలివితక్కువ పని కూడా కాదు, దుర్మార్గం. ఆ రాత్రి నాన్న రాళ్ళు రెండూ చేను గట్టు మీదికి విసిరిన తర్వాతే బండెక్కాడు.

కొత్త చక్రం తగిలించేటప్పుడు నట్టు శంకువు ఆకారంలో ఉన్న వైపు చక్రం వైపుకు రావాలి. ఆ వాలే చక్రాన్ని నడిమధ్యకు తెస్తుంది. నట్లను వరుసగా కాక ఎదురెదురుగా ఉన్నవాటిని, కొంచెం కొంచెంగా బిగించాలి. బండి దించాక పూర్తి బిగింపు వేయాలి. నట్టు వేసిన టార్కులో దాదాపు తొంభై శాతం ఘర్షణకే పోయి, పదవ వంతు మాత్రమే బోల్టును సాగదీసి చక్రాన్ని అదిమిపెడుతుంది. అందుకని మరలకు నూనె పూయడం మేలు చేస్తున్నట్టు కనిపించే కీడు: ఘర్షణ తగ్గి, అదే బలానికి బోల్టు మితిమీరి సాగుతుంది. విప్పడానికి పాదం వాడవచ్చు గాని బిగించడానికి వాడకూడదన్నదీ ఇందుకే. చక్రం బోల్టుల మీద వేలాడుతోందని మనం అనుకుంటాం. నిజానికి ఆ అదుముడు వల్ల పుట్టే ఘర్షణే దాన్ని మోస్తుంది. యాభై, వంద కిలోమీటర్లు నడిచాక మరొకసారి నట్లు చూసుకోవాలి.

ఇంతా అయ్యాక మా అసలు కష్టం బయటపడింది. బండి దించగానే స్టెప్నీ కూడా సగం కుంగింది. బాబాయి కారు కొన్నప్పటినుంచి దానిలో గాలి చూసినవాడు లేడు. ట్యూబ్‌లెస్ అయినా, ట్యూబు ఉన్నదైనా రబ్బరు గుండా గాలి మెల్లగా పోతూనే ఉంటుంది, నెలకు ఒకటి రెండు పౌండ్ల చొప్పున. ముప్పైరెండు పౌండ్లు ఉండవలసిన టైరు ఏడాది తిరిగేసరికి పదిహేను, ఇరవైకి వస్తుంది. మిగిలిన దూరం ఎడ్లబండిలా పోయాం. ఆసుపత్రి చేరేసరికి పన్నెండున్నర. డాక్టరుగారు నాయనమ్మకు ఆక్సిజన్ పెట్టి, "పది గంటలకు మొదలైతే ఇప్పటిదాకా ఏం చేస్తున్నారు?" అని నన్నే చూసి అడిగారు. నేను చెప్పలేదు. నాన్న కూడా చెప్పలేదు.

ఈ 'స్టెప్నీ' అనే మాట ఎక్కడిదని తర్వాత వెదికాను. 1904లో వేల్స్ దేశంలోని లానెల్లి పట్టణంలో డేవీస్ సోదరులు అదనపు చక్రం ఒకటి తయారు చేశారు. ఆ రోజుల్లో కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. దారిలోనే టైరు ఊడదీసి ట్యూబుకు అతుకు వేసుకోవాలి. వారు చేసినది ఆకులు లేని రిమ్ము, దానిపై గాలి నింపిన టైరు. పంక్చరైన చక్రం పక్కనే దాన్ని బిగించి నడిపేవారు. వారి పని సాగిన స్టెప్నీ వీధి పేరే దానికి వచ్చింది. ఆ కంపెనీ పోయి ఎన్నాళ్ళో అయింది, మాట మాత్రం మన మెకానిక్కుల నోట బతికే ఉంది. బ్రెజిల్‌లోనూ అదనపు చక్రాన్ని 'ఎస్టెపే' అంటారట!

ఇప్పుడు ఆ వస్తువే తప్పుకుంటున్నది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే పరికరం, అతుకు వేసే సరంజామా ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోదు. మేకును పీకకుండా మెల్లగా దుకాణం దాకా పోవచ్చు, అది నిజమే. కాని అతుకు పనికివచ్చేది నేలకు తగిలే భాగంలో పడిన చిన్న రంధ్రానికి. రాయి కోసి టైరు పక్క చీలితే ఏ అతుకూ ఆగదు. పల్నాటి డొంకల్లో చీలేది పక్కే. జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోను చేయవచ్చు. డొంకకు ఏ నంబరూ లేదు.

నా లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమన్నారు, వెనక్కు నడపమన్నారు. చక్రం విప్పమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే తప్పేవాణ్ణి, మంచిదే అయ్యేది.

నాయనమ్మ నాలుగో రోజు ఇంటికి వచ్చింది. ఆ ఆదివారం బాబాయి కారును వాకిట్లో నిలబెట్టి నాలుగు చక్రాలూ ఒకదాని తర్వాత ఒకటి విప్పి బిగించాను. మొదటిదానికి ముప్పావు గంట, నాలుగో దానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇంటరు చదివే మా చెల్లెలు ఊరుకోక తానూ పానా పట్టింది. నలభై ఐదు కిలోల పిల్ల. పానా ఎడమకు పెట్టి పాదం మోపితే నట్టు కిర్రుమని కదిలింది. మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్న నాయనమ్మ, "ఇంతేనట్రా ఇది? మరి ఆ రాత్రి అంతసేపు నన్ను మంచులో ఎందుకు కూర్చోబెట్టావురా?" అని అడిగింది.