ముందు పేపరు మిగిలుండగా పై కోర్సు

ఒక కోర్సులో చేరడానికి ముందే పూర్తిచేయవలసిన మరో కోర్సును ప్రీరిక్విజిట్ అంటారు. అమెరికా విశ్వవిద్యాలయాలు చాలావరకు ఈ షరతును రిజిస్ట్రేషన్ సమయంలోనే చూస్తాయి. ఆ విషయం వేరేచోట నేర్చుకున్నట్టు చూపితే అధ్యాపకుడో, విభాగమో మినహాయింపు ఇవ్వవచ్చు. మెకానికల్, సివిల్ చదివి అక్కడ కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్.కు వెళ్లే తెలుగు విద్యార్థులను కొన్నిచోట్ల ముందుగా డేటా స్ట్రక్చర్స్ వంటి కోర్సులు పూర్తిచేయమంటారు.

కోనసీమ కాలేజీల్లో పద్ధతి వేరు. ఇక్కడి ఇంజినీరింగ్ విద్య ప్రధానంగా కాకినాడ జె.ఎన్.టి.యు. పరిధిలోనిది. ఏ సెమిస్టర్‌లో ఏ పేపర్లు చదవాలో చాలావరకు సిలబస్సే నిర్ణయిస్తుంది. అడ్డంకి పేపరు దగ్గర కాక సంవత్సరం దగ్గర ఉంటుంది. ఆ విశ్వవిద్యాలయపు 2020 నాటి ఆర్20 నిబంధనల ప్రకారం బీటెక్ మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి వెళ్లడానికి హాజరు ఉంటే చాలు. రెండో ఏడాది నుంచి మూడో ఏడాదికి అప్పటివరకు ఉన్న క్రెడిట్లలో 40 శాతం కావాలి. అవి ఏ పేపర్లలో వచ్చాయన్నది లెక్కలోకి రాదు. అందువల్ల గణితంలో బ్యాక్‌లాగ్ (పాసవ్వని పేపరు) ఉన్న ఈసీఈ విద్యార్థి కూడా సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ తరగతిలో కూర్చోవచ్చు.

నిబంధన ఒప్పుకున్నంత మాత్రాన పాఠం అర్థం కాదు. సిగ్నల్స్‌లో ఫోరియర్, లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్‌లకు ఇంటిగ్రేషన్ రావాలి. సి భాషలో పాయింటర్లు తెలియకపోతే డేటా స్ట్రక్చర్స్‌లో లింక్డ్ లిస్టులు కొరుకుడు పడవు. సప్లీకి, అంటే తప్పిన పేపరు మళ్లీ రాసే పరీక్షకు, చదవవలసిన పాత పేపరు, దానిమీద ఆధారపడిన కొత్త పేపరు ఒకే సెమిస్టర్‌లో మీద పడతాయి. పర్యావరణ శాస్త్రం మిగిలితే మాత్రం ఇంత చిక్కు ఉండదు. పై పేపర్లు దానిమీద పెద్దగా ఆధారపడవు.

విద్యార్థి చదివి రాని విషయాలు ముందే తెలిసినచోట నిబంధనలే దారి చూపాయి. బీఫార్మసీ మొదటి సెమిస్టర్‌లో బైపీసీ నుంచి వచ్చినవారికి రెమెడియల్ మ్యాథమెటిక్స్, ఎంపీసీ నుంచి వచ్చినవారికి రెమెడియల్ బయాలజీ ఉన్నాయి. లేటరల్ ఎంట్రీతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే బీఎస్సీ పట్టభద్రులు మొదటి ఏడాది ఇంజినీరింగ్ డ్రాయింగ్, మెకానిక్స్ కూడా పాసవ్వాలని అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) నియమం. ఇంటర్‌లో భిన్న సబ్జెక్టులు చదివి ఇంజినీరింగ్‌కు వచ్చేవారికి బ్రిడ్జ్ కోర్సులు పెట్టాలని అదే సంస్థ 2021లో సూచించింది. 1982లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మరో మార్గం ఎంచుకుంది: ఇంటర్ లేనివారిని అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది.

బ్యాక్‌లాగ్ విషయంలో ఇలాంటి ఏర్పాటు లేదు కనుక చూసుకోవలసింది విద్యార్థే. సిలబస్‌లో ముందు తెలిసి ఉండాల్సిన విషయాలు ఇస్తే వాటిని, లేకపోతే మొదటి యూనిట్‌ను చూస్తే ఏ పేపరు దేనిమీద నిలుస్తుందో తెలుస్తుంది. రెండుమూడు సప్లీలు ఉన్నప్పుడు సులువైనదాన్ని కాక, వచ్చే సెమిస్టర్‌కు అవసరమైనదాన్ని ముందు చదవాలి. ఫలితం వచ్చేలోగా పై కోర్సు మొదలైనా, దానికి కావలసిన అధ్యాయాలు అప్పటికే చదివినవై ఉంటాయి.