కణం పులుపు చెప్పే వెండి రేణువు

రామన్ పట్టుకున్న కాంతితో బతికున్న కణం లోపలి ఆమ్లత్వాన్ని కొలుస్తున్నారు. అంకె వస్తోంది. అది కణంలో ఎక్కడిదన్నదే చిక్కు

చారులో పులుపు సరిపోయిందో లేదో నాలుక చెబుతుంది. బడి ప్రయోగశాలలోనైతే లిట్మస్ కాగితం ముక్క చాలు. కానీ మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉండే జీవకణం లోపల, అది బతికి ఉండగానే, పులుపెంతో తేల్చాలంటే? కణాన్ని చిదిమి చూస్తే అన్ని అరల రసమూ కలిసిపోయి, వచ్చే అంకెకు అర్థం లేకుండా పోతుంది.

ఎందుకంటే కణమంతా ఒకే రుచి ఉండదు. కణద్రవ్యం పీహెచ్ సుమారు 7.2. మైటోకాండ్రియా లోపల అది 8కి దగ్గరగా ఉంటుంది. చెత్తను జీర్ణం చేసే లైసోజోముల్లో 4.5 నుంచి 5 మాత్రమే. పీహెచ్ ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు లెక్క. అంటే పలచటి పొరకు అటూ ఇటూ తేడా వంద రెట్లు దాటుతుందన్నమాట. మందుల పనితీరుకూ దీనితో సంబంధముంది. మలేరియా మందు క్లోరోక్విన్ పరాన్నజీవి ఆహారకోశంలోని ఆమ్లంలో పేరుకునే పనిచేస్తుంది. కేన్సర్ గడ్డల్లో కణాల వెలుపల పీహెచ్ తరచూ 7 కంటే కిందికి పడిపోతుంది. డాక్సోరూబిసిన్ లాంటి మందులు ఆ ఆమ్లంలో చిక్కి, కణంలోకి సరిగా చేరలేవు.

1980ల నుంచీ ఈ కొలతలకు ఫ్లోరసెంట్ రంగులే దిక్కు. 2008లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న రోజర్ చెన్, తన సహచరులతో 1982లో వెలువరించిన రంగు ఇప్పటికీ వాడుకలో ఉంది. అయితే లేజర్ వెలుగు కింద ఈ రంగులు ఎండలో ఆరేసిన బట్టలా వెలిసిపోతాయి. ఒకే కణాన్ని గంటల తరబడి గమనించాలనుకునేవారికి ఇదే పెద్ద తలనొప్పి.

వెలిసిపోని దారి ఒకటి కలకత్తాలో ఎప్పుడో మొదలైంది. అణువుకు తగిలి చెదిరే కాంతిలో అతి కొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుందని 1928 ఫిబ్రవరిలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ గమనించారు. ఆ మార్పు అణువు కంపనాలను బట్టి ఉంటుంది కనుక అది అణువుకు వేలిముద్ర లాంటిది. బాధల్లా, అలా మారి వచ్చేది దాదాపు కోటి ఫోటాన్లలో ఏ ఒక్కటో. 1974లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఫ్లైష్‌మన్ బృందానికి గరుకు వెండి మీద అతికిన అణువుల నుంచి ఊహించనంత బలమైన సంకేతం వచ్చింది. ఇది లోహం మహిమేనని 1977లో మరో రెండు బృందాలు తేల్చాయి. వెండి, బంగారం ఉపరితలం మీది ఎలక్ట్రాన్లు కాంతితోపాటు ఊగి, సంకేతాన్ని లక్షల రెట్లు పెంచుతాయి.

2004లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల పరిశోధకులు దీన్ని పీహెచ్ మీటరుగా మార్చారు. 50-80 నానోమీటర్ల వెండి రేణువులకు మెర్కాప్టోబెంజోయిక్ ఆమ్లం పూత వేశారు. ఈ అణువు గంధకం ఉన్న కొసతో వెండిని పట్టుకుంటుంది. రెండో కొస బయటికి ఉంటుంది. చుట్టూ ఆమ్లం ఉంటే ఆ కొస హైడ్రోజన్‌ను అట్టిపెట్టుకుంటుంది, లేకుంటే వదిలేస్తుంది. వదిలినప్పుడు వర్ణపటంలో 1423 దగ్గర ఒక శిఖరం లేస్తుంది. అణువు మధ్యనున్న వలయం తాలూకు శిఖరం మాత్రం పెద్దగా మారదు. ఈ రెండింటి నిష్పత్తే పీహెచ్. రేణువులు ఎన్ని ఉన్నాయన్న బెంగ అక్కర్లేకపోవడం ఇందులోని అసలు తెలివి. చైనా హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లో ఇది పనిచేసింది.

మరి చిక్కెక్కడ? కణం ఈ రేణువులను మింగుతుంది. మింగినవాటిలో చాలామటుకు లైసోజోములకు దారితీసే సంచుల్లోనే ఉండిపోతాయి. కాబట్టి మనం చదివే పీహెచ్ చాలాసార్లు ఆ సంచిది. దాన్ని కణం మొత్తానికి అంటగట్టడం పొరపాటు. పైగా లివర్‌మోర్ రేణువు బాగా పలికేది 6 నుంచి 8 మధ్యనే. దాని ప్రయాణం ముగిసే లైసోజోమ్ అంతకంటే పుల్లన. జనీనా క్నైప్, కాట్రిన్ క్నైప్ బృందం 2007లో ఒకేసారి రెండు ఫోటాన్లను వాడే పద్ధతిలో ఈ పరిధిని 2 నుంచి 8 దాకా విస్తరించింది. ఇంకో ప్రమాదమూ ఉంది. లేజర్ తీవ్రత ఎక్కువైతే అణువు ఆమ్లపు కొసే ఊడిపోవచ్చు. అది గమనించకపోతే లేని పులుపు ఉన్నట్టు కనిపిస్తుంది.

చిరునామా సమస్యకు మెరుగైన జవాబు బెంగుళూరు నుంచి వచ్చింది. నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో యమునా కృష్ణన్ బృందం 2009లో డీఎన్ఏతోనే ఒక పీహెచ్ యంత్రాన్ని అల్లి, ఈగ కణాల్లో సంచులు క్రమంగా పుల్లబడటాన్ని కొలిచింది. డీఎన్ఏకు ప్రొటీన్ లాంటి చీటీ తగిలించి కావలసిన దారిన పంపవచ్చు. అయితే ఇది నడిచేది ఫ్లోరసెంట్ రంగులతోనే, అంటే వెలిసిపోయే బెడద తప్పదు. ఒకరికి మన్నిక ఉంది, ఇంకొకరికి చిరునామా ఉంది. రామన్ రేణువులు తయారుచేసేవారు కూడా వాటికి చీటీలు కట్టే పనిలో పడ్డారు. వెండి అయాన్లు కణానికి హాని చేస్తాయి కనుక చాలామంది బంగారం వైపు మొగ్గుతున్నారు. ఆస్పత్రి గడప తొక్కడం ఇంకా దూరం. ఈలోగా ఇలాంటి కొలత ఏది చూసినా, అంకె పక్కన రేణువు ఎక్కడుందో చూపే మైక్రోస్కోప్ చిత్రం ఉందా లేదా అన్నది ముందుగా అడగాల్సిన ప్రశ్న.