మొండిబిడ్డ కూడా దేవుడిచ్చిన స్వాస్థ్యమే

ఆదివారం ఆరాధనలో కానుకల సంచి ఆ వరుసలోకి వచ్చింది. నాలుగేళ్ల పాప "నేనే వేస్తా" అని ఇంటి దగ్గర నుంచీ చెబుతూనే ఉంది. తొందరలో ఆ సంగతి మరచిపోయి తల్లి పది రూపాయల నోటు తానే వేసేసి, సంచిని పక్కవారికి అందించింది. అంతే, పాప చాపమీద పడి ఒకటే ఏడుపు. వేసింది తీసి తన చేతికి ఇవ్వాలట! చుట్టూ ఉన్నవారు తిరిగి చూశారు. తల్లి బిడ్డను చంకన వేసుకుని బయటికి నడిచింది. కాసేపటికి దెబ్బ చప్పుడు లోపలికి వినిపించింది.

ఇలాంటిది జరగని సంఘం బహుశా ఉండదు. ఆ తల్లిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. కానీ మనలో ప్రతి తల్లీ తండ్రీ వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ దెబ్బ బిడ్డకు ఏదైనా నేర్పడానికి పడిందా, లేక నలుగురిలో పోయిన మన పరువు కోసం పడిందా?

కొందరు పిల్లలు పుట్టుకతోనే పట్టుదల గలవారు. 1956లో న్యూయార్కులో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే వైద్య దంపతులు ఒక అధ్యయనం ప్రారంభించి, 133 మంది పిల్లలను పసితనం నుంచి పెద్దయ్యేవరకు గమనించారు. నెలల బిడ్డల్లోనే స్వభావాలు వేరువేరుగా కనిపించాయి. నూటికి సుమారు పదిమంది పిల్లలు పెంచడానికి కష్టమైన స్వభావం గలవారని వారు గుర్తించారు. అయితే వారు తేల్చిన ముఖ్యమైన సంగతి వేరే ఉంది. బిడ్డ ఎలా ఎదుగుతాడన్నది ఆ స్వభావం ఒక్కదానిమీదే ఆధారపడదు. ఆ స్వభావానికీ పెంచేవారి తీరుకూ పొత్తు కుదిరిందా లేదా అన్నదే ముఖ్యం.

బైబిలు చదివేవారికి ఇది కొత్త కాదు. రిబ్కా గర్భంలోనే ఇద్దరు పిల్లలు పెనుగులాడారు. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే కాన్పు, అయినా ఇద్దరూ ఇద్దరే. వారిలో యాకోబు పట్టు ఎలాంటిదో యబ్బోకు రేవు దగ్గర చూస్తాం (ఆదికాండము 32). ఆశీర్వదిస్తేనే గాని వదలనని తెల్లవారేవరకు పట్టుకుని ఉన్నాడు. దేవుడు అతని తొడగూటిని తాకాడు, అతడు కుంటుతూ వెళ్లాడు. కానీ ఆ పట్టుదలను దేవుడు తీసివేయలేదు. పేరు మార్చి, ఆశీర్వదించి పంపాడు. మొండిబిడ్డ విషయంలో మన పని కూడా ఇదే. ఆ బలాన్ని విరిచివేయడం కాదు, దాన్ని సరైన వైపు తిప్పడం.

"మరి బెత్తం సంగతేమిటి?" అని పెద్దలు అడుగుతారు. సామెతలు 13:24లో బెత్తమని తర్జుమా అయిన హెబ్రీ మాట 'షేవెట్'. 23వ కీర్తనలో దుడ్డుకఱ్ఱ అని చదువుతున్నది కూడా ఆ మాటే. కాపరి చేతిలో ఆ కఱ్ఱ ఉండటం గొఱ్ఱెకు ఆదరణ అని దావీదు అంటాడు. అలాగే ఎఫెసీయులకు 6:4లో 'శిక్ష' అన్న మాట చూడగానే మనకు దెబ్బలే గుర్తుకొస్తాయి. కానీ శిక్షణ, శిక్ష ఒకే మూలం నుంచి వచ్చినవి. అక్కడ గ్రీకులో ఉన్న 'పైదేయా' అనే మాటకు బిడ్డను పెంచి తీర్చిదిద్దడం అని అర్థం. పైగా అదే వచనం పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులను ముందుగా హెచ్చరిస్తుంది. కొలొస్సయులకు 3:21 దానికి కారణం కూడా చెబుతుంది. అలా చేస్తే వారి మనసు కుంగిపోతుంది.

అలాగని పగ్గాలు వదిలేయమని వాక్యం చెప్పదు. దావీదు తన కుమారుడు అదోనీయాను ఎన్నడూ నొప్పించలేదు, ఎందుకిలా చేశావని ఒక్కసారైనా అడగలేదు (1 రాజులు 1:6). ఏలీ తన కుమారుల చెడుతనం తెలిసి కూడా వారిని అడ్డగించలేదు. ఆ రెండు ఇళ్లకూ ఏం జరిగిందో మనకు తెలుసు. అడ్డు చెప్పని గారాబాన్ని ప్రేమ అనలేం.

ఈ విషయంలో జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీని చాలామంది ఉదాహరణగా చెబుతారు. ఆమె పందొమ్మిదిమందిని కన్నది, పదిమంది బతికారు. పిల్లల ఇష్టాన్ని చిన్నప్పుడే లొంగదీయాలని ఆమె 1732లో కుమారునికి రాసిన ఉత్తరంలో ఉంది. ఆమె కఠినత్వం నేడు మనల్ని కలవరపెట్టవచ్చు. ఆ కఠినత్వాన్ని మనం అనుసరించనక్కర లేదు. కానీ ఆ ఉత్తరంలోని మిగతా మాటలను మనం తరచు మరచిపోతాం. తప్పు ఒప్పుకున్న బిడ్డను కొట్టకూడదు. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్షించకూడదు. తన ఇష్టానికి వ్యతిరేకమైనా మాట విన్న బిడ్డను మెచ్చుకోవాలి. అంతే కాదు, ఆమె వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో ఏకాంతంగా మాట్లాడేది. జాన్‌ది గురువారం. పెద్దవాడై ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు తల్లికి రాస్తూ ఆ గురువారపు సాయంత్రాన్ని అతడు గుర్తుచేసుకున్నాడు.

మన ఇళ్లలో దీన్ని ఎలా ఆచరించాలి? ఆజ్ఞలు తక్కువగా ఉండాలి, ఇచ్చినవి నిలబడాలి. చొక్కా ఎర్రదా, నీలందా అన్నది బిడ్డకు వదిలేయవచ్చు. అబద్ధం, తమ్ముణ్ణి కొట్టడం, రోడ్డుమీద చెయ్యి విడిపించుకుని పరుగెత్తడం, ఇవి వదలకూడనివి. కోపం వచ్చినప్పుడు చెయ్యి ఎత్తకుండా, ఆ కోపం చల్లారాకే మాట్లాడాలి. "నువ్వు చెడ్డదానివి" అనకుండా "నువ్వు చేసింది తప్పు" అనాలి. "అక్కను చూసి నేర్చుకో" అనే మాట మానాలి. మనమే తప్పు చేస్తే, "అమ్మా, నాన్న తప్పు చేశాడు, క్షమించు" అని బిడ్డ దగ్గర ఒప్పుకోవాలి. దీనివల్ల తల్లిదండ్రుల అధికారం తగ్గిపోదు. పశ్చాత్తాపం అంటే ఏమిటో బిడ్డ మొదట చూసేది అక్కడే.

బిడ్డ ఎదిగేకొద్దీ మన పట్టు కూడా మారాలి. నాలుగేళ్లప్పుడు చెయ్యి పట్టుకుని నడిపిస్తాం. పద్నాలుగేళ్లకు పక్కన నడుస్తాం, అడుగుతాం, వింటాం. నేడు మనకు "వద్దు" అని చెప్పగలిగే ఆ గట్టి గొంతే రేపు స్నేహితులు చెడుదారికి పిలిచినప్పుడు "రాను" అనగలగాలి. రాజు పెట్టే భోజనాన్ని ముట్టనని బబులోనులో నిర్ణయించుకున్న దానియేలుకు ఉన్నది అలాంటి మనసే. ప్రతిదానికీ భయపడి తల ఊపడమే నేర్పితే, రేపు ఇంకెవరు బెదిరించినా ఊపుతారు.

ఇక సంఘానికి ఒక మాట. ఏడ్చే బిడ్డవైపు మనం తిరిగి చూసే ఒక్క చూపు చాలు, ఆ తల్లి వచ్చే ఆదివారం రాకుండా మానేయడానికి. "పెంపకం సరిగా లేదు" అన్న గుసగుస ఆమె చెవిన పడుతుంది. దానికి బదులు, "అక్కా, ఇటివ్వండి, కాసేపు నేను చూస్తా" అనే మనిషి ఒకరున్నా చాలు. బిడ్డను ప్రతిష్ఠించిన రోజున ఆ కుటుంబం కోసం సంఘమంతా లేచి నిలబడి ప్రార్థించింది కదా!

హోషేయ 11వ అధ్యాయం ఒకసారి చదవండి. దేవుడు ఎఫ్రాయిముకు నడక నేర్పి, చేతులు పట్టుకున్న తండ్రిగా అక్కడ కనిపిస్తాడు. ఆయన ఎంత పిలిచినా ఆ బిడ్డ దూరంగానే పోయాడు. అయినా తండ్రి మనసు వాణ్ణి విడిచిపెట్టడానికి ఒప్పుకోలేదు. మొండిబిడ్డను పెంచడం ఎంత కష్టమో మన తండ్రికి తెలుసు. ఆయనకున్న మొండిబిడ్డలం మనమే గనుక. ఆయన మనపట్ల చూపిన ఓపికలో కొంతైనా మన పిల్లలకు అందాలి.

వచ్చే ఆదివారం కానుకల సంచి మీ వరుసలోకి రాకముందే, ఆ పది రూపాయలు పాప చేతిలో పెట్టండి.